డెల్టా చెమ్మలో పుస్తకాలు, గాడ్జెట్లు, కాఫీ పొడి: కొలిచి కాపాడుకునే పద్ధతి

పుస్తకాలు కొనే అలవాటు, కెమెరా, నాలుగు ఎలక్ట్రానిక్ వస్తువులు, మంచి ఫిల్టర్ కాఫీ, ఖాళీ దొరికితే సొంతంగా ఏదైనా నేర్చుకోవాలన్న కోరిక. ఈ సరదాలున్న మనిషి గోదావరి డెల్టాలో ఉంటే అన్నిటికీ శత్రువు ఒకటే, చెమ్మ. ధవళేశ్వరం దాటాక గౌతమి, వశిష్ఠ పాయలు, వాటి చుట్టూ పంట కాలువలు, వరిచేలు, కొబ్బరితోటలు, భీమవరం వైపు వెళ్తే చేపల చెరువులు, రొయ్యల చెరువులు, ఆ కింద సముద్రం. మన గాలి పొడిగా ఉండే రోజులు తక్కువ. శ్రావణంలో బీరువా తలుపు తీస్తే ముక్కవాసన, అట్టల మీద తెల్లటి బూజు, లెన్సు లోపల సన్నటి పోగులు, రిమోట్‌లో పచ్చబడిన స్ప్రింగులు, డబ్బాలో గడ్డకట్టిన కాఫీ పొడి, అన్నీ ఇక్కడివాళ్లకు తెలిసినవే.

చాలామంది వెంటనే కలరా ఉండలు, ప్లాస్టిక్ కవర్లు, తేమ పీల్చే సిలికా జెల్ పొట్లాలు కొనేస్తారు. నా సలహా వేరు. ముందు కొలవండి. గదిలో, బీరువాలో, డబ్బాలో తేమ ఎంతుందో అంకె తెలిస్తే ఏది కొనాలో, ఏది అక్కర్లేదో దానంతటదే తేలుతుంది. ఆ కొలిచే పనిలోనే ఫిజిక్సు, ఎలక్ట్రానిక్సు కూడా ఇంట్లో కూర్చుని నేర్చుకోవచ్చు. అందుకే గాడ్జెట్లు, పుస్తకాలు, కాఫీ, సొంత చదువు, నాలుగింటినీ కలిపి రాస్తున్నాను.

మొదటి అడుగు: మీటర్, ఆ అంకె అర్థం

చిన్న డిజిటల్ హైగ్రోమీటర్లు, అంటే తేమ కొలిచే మీటర్లు, కొన్ని వందల రూపాయల్లో దొరుకుతాయి. రెండు తీసుకోండి. ఒకటి గదిలో, ఒకటి పుస్తకాల బీరువా లోపల. ఉష్ణోగ్రత, తేమ శాతం రెండూ చూపించేవే కొనాలి, ఒకటి తెలిసి రెండోది తెలియకపోతే లెక్క కుదరదు.

తేమ శాతం అంటే గాలిలో ఉన్న నీళ్ల పరిమాణం కాదు. ఆ వేడి దగ్గర గాలి పట్టుకోగలిగినదాంట్లో ఎంత వంతు ఉందో చెప్పే లెక్క. 20 డిగ్రీల దగ్గర ఘనమీటరు గాలి సుమారు 17 గ్రాముల నీటి ఆవిరిని పట్టుకుంటుంది. 30 డిగ్రీల దగ్గర సుమారు 30 గ్రాములు పట్టుకుంటుంది. అందుకే ఒకే గాలి తెల్లవారుజామున చల్లబడితే 90 దాటి చూపిస్తుంది, మధ్యాహ్నం ఎండకు 55 చూపిస్తుంది. నీళ్లు ఎక్కడికీ పోలేదు, వేడి మారింది. ఈ ఒక్క విషయం బుర్రకెక్కితే మిగతా పద్ధతి అంతా తేలిక.

రెండో అడుగు: ఉప్పు పరీక్ష

చౌక మీటర్లు నాలుగైదు శాతం అటూ ఇటూగా చూపించడం మామూలే. సరిచూడ్డానికి వంటింట్లో ఉప్పు చాలు. సీసా మూత ఒకటి తీసుకుని అందులో ప్యాకెట్ మెత్తటి ఉప్పు నింపండి. కొన్ని చుక్కల నీళ్లు పోయండి. ఉప్పు ముద్దగా తడవాలి, కరిగి నీళ్లయిపోకూడదు. గాలి చొరబడని డబ్బాలో ఆ మూత, పక్కనే మీటర్ పెట్టి (ఉప్పు మీటర్‌కు తగలకూడదు) డబ్బా మూసేయండి. ఎండ పడని, ఫ్యాను గాలి నేరుగా తగలని చోట ఒక రోజు వదిలేయండి.

డబ్బాలో తేమ 75 శాతం దగ్గర ఆగిపోతుంది. తడి ఉప్పు పక్కన మూసిన గాలి ఎప్పుడూ అక్కడికే చేరుతుంది. 20 నుంచి 30 డిగ్రీల మధ్య ఈ అంకె దాదాపు మారదు. మీ మీటర్ 71 చూపిస్తే అది నాలుగు తక్కువ చెబుతోందన్నమాట. చిన్న స్టిక్కర్ మీద "4 కలపాలి" అని రాసి మీటర్ వెనక అంటించండి.

కళ్లుప్పు ఈ పరీక్షకు వాడొద్దు. శుద్ధి చేయని ఉప్పులో మెగ్నీషియం లవణాలు కలిసి ఉంటాయి. మెగ్నీషియం క్లోరైడ్ 33 శాతం తేమకే నీరు పీల్చడం మొదలుపెడుతుంది కాబట్టి అంకె తప్పుతుంది. వానాకాలంలో మన ఇళ్లలో కళ్లుప్పు జాడీ మెత్తటి ఉప్పు కంటే ముందు నీరు కారడానికి కారణం ఇదే. మెత్తటి ఉప్పు కూడా చెమ్మగిల్లిందంటే వంటింటి గాలి 75 దాటిందని మీటర్ చూడకుండానే చెప్పొచ్చు.

మూడో అడుగు: నోట్స్, కిటికీ లెక్క

ఒక వారం పాటు తెల్లవారుజామున, మధ్యాహ్నం మూడింటికి, రాత్రి పడుకోబోయే ముందు గది, బీరువా, బయట అంకెలు రాయండి. బయటి కొలత నీడలో తీసుకోవాలి. ఈ వారం గడిచేదాకా ఏమీ కొనకండి.

ఇప్పుడు అసలు ప్రశ్న. కిటికీ తెరిస్తే గది ఆరుతుందా, ఇంకా చెమ్మెక్కుతుందా? దీనికి డ్యూ పాయింట్ కావాలి. అంటే ఆ గాలి ఎంతకు చల్లబడితే నీళ్లుగా మారుతుందో ఆ ఉష్ణోగ్రత. తేమ 50 శాతానికి పైన ఉన్నప్పుడు చేత్తో వేసుకునే లెక్క ఒకటుంది. వందలోంచి తేమ శాతం తీసేసి, వచ్చినదాన్ని ఐదుతో భాగించి, దాన్ని ఉష్ణోగ్రతలోంచి తీసేయాలి. 32 డిగ్రీలు, 80 శాతం అయితే 20ని ఐదుతో భాగిస్తే 4, కాబట్టి డ్యూ పాయింట్ 28. ఫ్రిజ్‌లోంచి తీసిన రామచంద్రపురం ఆర్టోస్ కూల్‌డ్రింక్ సీసా టేబుల్ మీద పెట్టగానే నీళ్లు కారేది ఇందుకే. సీసా బయటి భాగం 28 కంటే చల్లగా ఉన్నంతసేపు గాలిలోని ఆవిరి దాని మీద నీరవుతూనే ఉంటుంది.

లెక్క ఉపయోగం చూడండి. గదిలో 29 డిగ్రీలు, 78 శాతం. డ్యూ పాయింట్ 24.6. మే నెల మధ్యాహ్నం బయట 36 డిగ్రీలు, 50 శాతం. డ్యూ పాయింట్ 26. బయట మీటర్ 50 చూపిస్తోంది కదా అని కిటికీలు తెరిస్తే నిజానికి గదిలోకి నీళ్లు తెచ్చుకున్నట్టే. అదే సంక్రాంతి రోజుల్లో మధ్యాహ్నం బయట 28 డిగ్రీలు, 55 శాతం ఉంటే డ్యూ పాయింట్ 19. అప్పుడు కిటికీలు, బీరువా తలుపులు, అన్నీ బార్లా తెరవొచ్చు. బయటి డ్యూ పాయింట్ లోపలికంటే తక్కువైతే తెరవాలి, ఎక్కువైతే మూయాలి. మంచు కురిసే పొద్దున్న, వాన వెలిసిన వెంటనే గాలి చల్లగా తగులుతుంది, హాయిగా ఉంటుంది. హాయి వేరు, పొడి వేరు. ఆ గాలి పుస్తకాలకు మంచిదో కాదో అంకే చెప్పాలి.

నాలుగో అడుగు: పుస్తకాలు

గుర్తుంచుకోవాల్సిన అంకె 65. తేమ అంతకు పైన రోజుల తరబడి నిలిచి, గాలి కదలకుండా ఉంటే బూజు వస్తుంది. 45 నుంచి 55 మధ్య ఉంటే కాగితానికి మంచిది. ఏసీ లేని ఇంట్లో ఏడాది పొడుగునా అంత తక్కువ ఉంచడం మన దగ్గర కష్టం. కనీసం 65 దాటిన గాలి ఒకేచోట నిలిచిపోకుండా చూడటం మన చేతిలో పని.

బీరువాను గోడకు ఆనించకండి. నాలుగు వేళ్ల సందు వదలండి. వాన జల్లు కొట్టే బయటి గోడ, బాత్రూమ్ గోడ పుస్తకాలకు పనికిరావు, వాటి పక్కన మీటర్ పెడితే తేడా మీకే తెలుస్తుంది. అన్నిటికంటే కింది అర నేలకు కనీసం అడుగు ఎత్తులో ఉండాలి. లంక గ్రామాల్లో జులై, ఆగస్టు నెలల్లో వరద నీళ్లు ఇంట్లోకి వచ్చే అవకాశం ఉంటే పుస్తకాలు మేడ మీదకు చేర్చే పని జూన్‌లోనే చేసేయాలి. పుస్తకాలను బిగించి కుక్కొద్దు. ఒకటి లాగితే పక్కది కదలకుండా రావాలి.

ప్లాస్టిక్ కవర్లు వేయడం నాకిష్టం ఉండదు. కవర్ వేసేటప్పుడు కాగితంలో ఉన్న చెమ్మ అందులోనే ఉండిపోతుంది. ఇనప బీరువా కూడా అంతే. వానరోజున తెరిచి మూస్తే ఆ గాలి అందులోనే నిలుస్తుంది. ఇనప బీరువా వాడేవాళ్లు పొడి మధ్యాహ్నం చూసి తలుపులు తీసి, ఎదురుగా ఫ్యాను పెట్టి రెండు గంటలు వదలాలి.

కొందరు బీరువాలో బల్బు వెలిగిస్తారు. లెక్క ప్రకారం అది పనిచేస్తుంది. 28 డిగ్రీల దగ్గర 78 శాతం ఉన్న గాలిని 31కి వేడిచేస్తే 66కి దిగుతుంది. కానీ కాగితాల మధ్య వేడి బల్బు అగ్గికి దారి. నేను వద్దంటాను. సేకరణ నిజంగా పెద్దదైతే, వందల పుస్తకాలుంటే, ఆ గదికి కంప్రెసర్ ఉన్న డీహ్యూమిడిఫయర్ (గాలిలోని తేమను నీళ్లుగా లాగేసే యంత్రం) కొనడం మేలు. తలుపులు, కిటికీలు మూసి నడపాలి, తొట్టిలో నీళ్లు పారబోస్తుండాలి. ఏసీ ఉంటే దాని డ్రై మోడ్ చాలా రోజులకు సరిపోతుంది.

బూజు పట్టిన పుస్తకాన్ని తడిగుడ్డతో తుడవొద్దు. ముందు వేరుచేసి నీడలో గాలికి ఆరబెట్టండి. పూర్తిగా ఆరాక, మాస్కు కట్టుకుని, ఇంటి బయట మెత్తటి బ్రష్‌తో దులపండి. మిట్ట మధ్యాహ్నం ఎండలో పరిస్తే కాగితం పసుపెక్కి పెళుసవుతుంది.

కలరా ఉండల గురించి ఒక మాట. అవి నాఫ్తలీన్. వాటి ఆవిరి పిల్లలకు మంచిది కాదు, ముఖ్యంగా జీ6పీడీ అనే ఎంజైమ్ లోపం ఉన్న పసిబిడ్డల్లో ఎర్ర రక్తకణాలు పగిలిపోతాయి. చదువుకునే గదిలో వాటిని పెట్టకండి. వేపాకు పెట్టాలనుకుంటే గలగలలాడేలా ఎండాకే పెట్టాలి, పచ్చి ఆకు బీరువాలోకి చెమ్మ మోసుకెళ్తుంది. వెండిరంగులో జారిపోయే పురుగు ఒకటి పేజీల జిగురు తింటుంది, దానికి తేమే ప్రాణం, తేమ తగ్గిస్తే అది తగ్గుతుంది. పాత పుస్తకాల దుకాణంలో కొన్న పుస్తకంలో పురుగు ఉందనిపిస్తే జిప్ కవర్లో గాలి తీసేసి బిగించి, డీప్ ఫ్రీజర్‌లో మైనస్ 18 దగ్గర రెండు వారాలు ఉంచండి. బయటికి తీశాక కవర్ వెంటనే విప్పొద్దు. పుస్తకం గది వేడికి వచ్చేదాకా ఒక రోజు ఆగాలి. ఎందుకో డ్యూ పాయింట్ లెక్క చేసినవాళ్లకు చెప్పక్కర్లేదు.

వాననీళ్లకో వరదకో తడిసిన పుస్తకాలకు రెండు రోజులే గడువు, ఆ తర్వాత బూజు మొదలవుతుంది. నున్నటి మెరిసే కాగితం పుస్తకాలు ముందు చూడండి, అవి ఆరితే పేజీలు అతుక్కుపోతాయి, మళ్లీ విడవు. పది ఇరవై పేజీలకొక తెల్లకాగితం పెట్టి, ఫ్యాను కింద నిలబెట్టి, కాగితాలు తడవగానే మారుస్తూ ఉండాలి. మరీ ఎక్కువ పుస్తకాలు తడిస్తే కొన్నిటిని కవర్లలో చుట్టి ఫ్రీజర్‌లో పెట్టి, చేతిలో ఉన్నవి ఆరాక మిగతావి తీయండి.

అన్నీ ఇంట్లోనే ఉంచుకోవాలన్న పట్టుదల కూడా కొంత సడలించుకోవచ్చు. రాజమహేంద్రవరం గౌతమీ గ్రంథాలయానికి వందేళ్లకు పైబడిన చరిత్ర ఉంది, పాత తెలుగు పుస్తకం కావాలంటే ముందు అక్కడ అడగండి. ఇంటర్నెట్ ఆర్కైవ్‌లో డిజిటల్ లైబ్రరీ ఆఫ్ ఇండియా స్కాన్ చేసిన తెలుగు పుస్తకాలు ఎన్నో ఉచితంగా ఉన్నాయి. ఆ స్కాన్ పేజీలు ఆరంగుళాల ఈ-రీడర్‌లో చదవడం కంటికి శ్రమ. వాటికి పది అంగుళాల ట్యాబ్ మేలు. ఈ-రీడర్‌లో ఉండే ఈ-ఇంక్ తెర పేజీ మారినప్పుడే కరెంటు వాడుతుంది, ఎండలోనూ కనిపిస్తుంది. అరుగు మీద కూర్చుని మామూలు ఈ-బుక్ చదవడానికి దానికి సాటి లేదు.

ఐదో అడుగు: గాడ్జెట్లకు పొడి డబ్బా

కెమెరా, లెన్సులు, మైక్, వాడని హార్డ్‌డిస్క్ పట్టేంత ప్లాస్టిక్ డబ్బా కొనండి. మూతకు రబ్బరు అంచు ఉండాలి. లోపల ఒక మీటర్, గుడ్డసంచిలో పావుకిలో సిలికా జెల్. 40 నుంచి 50 మధ్య ఉంచడం లక్ష్యం. 30 కంటే దిగితే రబ్బరు, తోలు భాగాలకు మంచిది కాదు, కాబట్టి జెల్ ఎక్కువేస్తే మంచిదనుకోవద్దు. నీలిరంగు జెల్‌లో కోబాల్ట్ క్లోరైడ్ ఉంటుంది, అది విషపదార్థం. నారింజ రంగుది తీసుకోండి. రంగు మారాక ఒవెన్‌లో 110, 120 డిగ్రీల మధ్య గంటన్నర పెడితే మళ్లీ పనికొస్తుంది. తేమ పీల్చి నీళ్లుగా మారే కాల్షియం క్లోరైడ్ డబ్బాలు మాత్రం పరికరాల పక్కన పెట్టకండి, ఒలికితే లోహాన్ని తినేస్తుంది.

ఏసీ గదిలోంచి కెమెరా తీసుకుని నేరుగా కాలువ గట్టుకు వెళ్తే లెన్సు మసకబారుతుంది, అందరికీ తెలిసిందే. 24 డిగ్రీల వస్తువు 28 డ్యూ పాయింట్ ఉన్న గాలిలోకి వచ్చింది, ఆర్టోస్ సీసాకు జరిగిందే దీనికీ జరుగుతుంది. లోపలి సర్క్యూట్ల మీదా అదే నీరు చేరుతుంది. గదిలోనే జిప్ కవర్లో పెట్టి బిగించి, బయటికి తెచ్చి అరగంట, గంట ఆగి, వస్తువు వేడెక్కాక విప్పండి. ల్యాప్‌టాప్‌కీ ఇదే పద్ధతి.

తడిసిన ఫోన్‌ను బియ్యంలో పెట్టడం వరి పండే మన ఊళ్లలో అందరూ చెప్పే చిట్కా. అది పనిచేయదు. బియ్యం నలక ఛార్జింగ్ రంధ్రంలోకి పోతుంది, ఐఫోన్‌ను బియ్యంలో పెట్టొద్దని యాపిల్ సంస్థే చెప్పింది. ఫోన్ ఆపేసి, ఛార్జింగ్ రంధ్రం కిందికి ఉండేలా పట్టుకుని తట్టి, ఫ్యాను గాలికి పెట్టండి. ఆరేదాకా ఛార్జర్ తగిలించొద్దు.

అంతర్వేది, నరసాపురం వైపు సముద్రపు గాలిలో ఉప్పు కూడా ఉంటుంది. అక్కడ కనెక్టర్లు త్వరగా నల్లబడతాయి. ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌లో ముంచిన దూదిపుల్లతో అప్పుడప్పుడూ తుడవండి. నెలల తరబడి వాడని రిమోట్లు, రేడియోల్లోంచి బ్యాటరీలు తీసేయండి.

ఆరో అడుగు: కాఫీ

కాఫీ పొడి చెమ్మను పీల్చుకుంటుంది, చికోరీ కలిపినది ఇంకా ముందు గడ్డకడుతుంది. అందుకే వానాకాలంలో కిలోల్లెక్కన కొనొద్దు. వంద, రెండొందల గ్రాములు తెచ్చుకుని, బిగుతు మూత ఉన్న స్టీలు డబ్బాలో, పొయ్యికి దూరంగా పెట్టుకోండి. రోజూ వాడే డబ్బాను ఫ్రిజ్‌లో పెట్టి తీస్తుంటే చల్లటి పొడి మీద నీరు చేరుతుంది. గింజలు కొని చేతి మరలో ఎప్పటికప్పుడు పట్టుకోగలిగితే అంతకంటే మంచిది లేదు. అరకు లోయ అరబికాకు 2019లో భౌగోళిక గుర్తింపు వచ్చింది, మన రాష్ట్రంలో పండే ఆ గింజతో మొదలుపెట్టండి.

రెండు కాఫీలకు 20 గ్రాముల పొడి, 100 మిల్లీలీటర్ల నీళ్లు నా లెక్క. పొడి మీద పళ్లాన్ని మెల్లగా అదమాలి, నొక్కేయకూడదు. మరిగిన నీళ్లు దించి అర నిమిషం ఆగి, ముందు కొంచెమే పోసి పొడి తడవనివ్వండి. తర్వాత మిగతాది పోసి మూతపెడితే పావుగంట, ఇరవై నిమిషాల్లో డికాషన్ దిగుతుంది. దిగడం బాగా ఆలస్యమైతే పొడి చెమ్మగిల్లిందో, మరీ మెత్తగా ఉందో చూడండి. కెఫీన్‌లో సగం శరీరంలోంచి పోవడానికి సుమారు ఐదు గంటలు పడుతుంది. రాత్రి పదింటికి నిద్రపోయేవాళ్లు మూడు దాటాక కాఫీ మానేస్తే మంచిది. సాయంత్రం చదువుకు మజ్జిగ, కొబ్బరినీళ్లు చాలు.

ఏడో అడుగు: సొంత రికార్డర్, దాంతోపాటు చదువు

చేత్తో రాసిన నోట్స్ అలవాటయ్యాక అదే పని చేసే యంత్రం తయారుచేయండి. ఈఎస్‌పీ32 అనే చిన్న కంప్యూటర్ బోర్డు ఒకటి, తేమ, ఉష్ణోగ్రత కొలిచే బీఎంఈ280 సెన్సర్ ఒకటి, నాలుగు వైర్లు, ఒక యూఎస్‌బీ కేబుల్. సెన్సర్ కొనేటప్పుడు జాగ్రత్త. బీఎంపీ280 అని అచ్చం ఇలాంటిదే ఉంటుంది, అది తేమ కొలవదు. సెన్సర్‌కు 3.3 వోల్టులు, గ్రౌండ్, మిగతా రెండు వైర్లు సాధారణంగా 21, 22 నంబరు పిన్నులకు. సెన్సర్‌ను బోర్డుకు జానెడు దూరంలో పెట్టండి, బోర్డు వేడి తగిలితే తేమ తక్కువ చూపిస్తుంది. సెన్సర్‌కీ ఉప్పు పరీక్ష చేయాలి, అయితే ఉప్పునీటి చుక్క దాని మీద పడితే పాడవుతుంది.

ప్రోగ్రామింగ్ రాదని ఆగొద్దు. ఈ బోర్డుకు ప్రోగ్రామ్ రాసే ఆర్డ్యూయినో సాఫ్ట్‌వేర్ ఉచితం. ముందు బోర్డు మీది దీపం వెలిగి ఆరేలా చేయండి. తర్వాత అంకె తెర మీద కనపడేలా, తర్వాత పది నిమిషాలకోసారి రాసుకునేలా. ఒక దశ పనిచేసేదాకా రెండోది ముట్టుకోవద్దు. లోతుగా నేర్చుకోవాలంటే ఐఐటీలు, ఐఐఎస్సీ కలిసి నడిపే ఎన్‌పీటెల్ పాఠాలు ఉచితంగా ఉన్నాయి.

చదివే పద్ధతి ముఖ్యం. పాఠం చూసేముందు ఒక ప్రశ్న రాసుకోండి: "సెన్సర్‌కు 5 వోల్టులు ఇస్తే ఏమవుతుంది?" లాంటిది. పాఠం అయ్యాక అన్నీ మూసేసి, గుర్తున్నది తెల్లకాగితం మీద రాయండి. మళ్లీ మళ్లీ చదవడం కంటే ఇలా గుర్తుతెచ్చుకోవడం వల్లే వారం తర్వాత ఎక్కువ నిలుస్తుందని మనస్తత్వ శాస్త్రవేత్తలు రోడిగర్, కార్పికే 2006లో విద్యార్థులతో చేసిన ప్రయోగాల్లో చూపించారు. నేర్చుకున్నది ఎంత త్వరగా మరుపుకొస్తుందో జర్మన్ మనస్తత్వ శాస్త్రవేత్త ఎబింగ్‌హాస్ తన మీద తానే ప్రయోగం చేసుకుని 1885లోనే ప్రచురించాడు. కాబట్టి మర్నాడొకసారి, మూడు రోజులకొకసారి, వారానికి, మూడు వారాలకు అదే ప్రశ్న మళ్లీ వేసుకోండి. ఆంకీ అనే యాప్ (ఐఫోన్‌లో తప్ప ఉచితం) ఈ గడువులు తానే చూసుకుంటుంది, కార్డులు తెలుగులో రాసుకోవచ్చు. ఇంట్లో తొమ్మిదో పదో చదివే పిల్లలుంటే డ్యూ పాయింట్ లెక్క వాళ్లకు చెప్పి చూడండి. ఎక్కడ తడబడ్డారో అక్కడ మళ్లీ చదవాలి.

బీఎంఈ280 గాలి పీడనం కూడా కొలుస్తుంది. మన అక్షాంశాల్లో పీడనం రోజుకు రెండుసార్లు, ఉదయం పది, రాత్రి పది ప్రాంతంలో పెరిగి, తెల్లవారుజామున, సాయంత్రం నాలుగు ప్రాంతంలో తగ్గుతుంది. వాన లేని రోజుల్లో నెలపాటు రాసిన గ్రాఫ్‌లో ఈ రెండు మిట్టలూ స్పష్టంగా కనిపిస్తాయి. 1996 నవంబరు తుపాను చూసిన కోనసీమలో అక్టోబరు, నవంబరు నెలల్లో ఆ గ్రాఫ్ మీద అందరి కళ్లూ ఉంటాయి. అయితే ఈ మామూలు హెచ్చుతగ్గులు ముందే తెలియకపోతే ప్రతి సాయంత్రం పీడనం పడిపోతోందని టెన్షన్ పడాల్సి వస్తుంది. తుపాను విషయంలో వాతావరణ శాఖ హెచ్చరికనే నమ్మాలి. మీ గ్రాఫ్‌ను దాని పక్కన పెట్టుకుని చూడండి, నిన్న అదే గంటకు ఉన్న అంకెతో పోల్చండి.